లైసెన్సు గంజాయి వ్యాపారానికి ఒక ఊరు సేఫ్టీ కోడ్ ఎలా రాసుకోవాలి

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పేస్తాను. మన దగ్గర గంజాయి పండించినా, దాచినా, అమ్మినా ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 కింద జైలే. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని పట్టుకోవడానికి ఈగల్ అనే ప్రత్యేక దళం ఉంది, సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు ఉంది. నేను రాస్తున్నది అమెరికా సంగతి. కేంద్ర చట్టం ప్రకారం అక్కడా అది నిషేధమే అయినా, 2024 నాటికి 24 రాష్ట్రాలు పెద్దవాళ్లు కొనుక్కోవడానికి అనుమతించాయి. లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది. ఆ వ్యాపారం ఏ భవనంలో, ఏ జాగ్రత్తలతో నడవాలన్నది చాలావరకు ఊరి మునిసిపాలిటీ, ఆ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ తేల్చుకోవాలి.

నేను విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో ప్లాన్ రివ్యూ చేస్తాను. అమెరికాలో చిన్న ఊళ్లకు సొంత ఇంజనీర్లు తక్కువ. బిల్డింగ్ పర్మిట్‌కి వచ్చిన డ్రాయింగులను కాంట్రాక్టు మీద బయటివాళ్లతో చెక్ చేయించుకుంటారు, ఆ పనిలో కొంత మా దాకా వస్తుంది. సంతకం పెట్టేది అక్కడి అధికారే. ఈ మధ్య డ్రాయింగులతో పాటు ఇంకో పని కూడా వస్తోంది: "మా ఊళ్లో గంజాయి వ్యాపారానికి కొత్తగా అనుమతి ఇచ్చాం, సేఫ్టీ రూల్స్ ముసాయిదా తయారు చేయడంలో సాయం చేయండి" అని. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అలాంటి పని చేతికి రాగానే ఏదో ఒక పెద్ద సిటీ రూల్స్ డౌన్‌లోడ్ చేసి, ఊరి పేరు మార్చేసి ఇస్తున్నారు. వాళ్ల కోసమే ఇది మొదలుపెట్టాను. మన మునిసిపాలిటీల్లో డి అండ్ ఓ ట్రేడ్ లైసెన్సులు, అంటే ప్రమాదకర, ఇబ్బందికర వ్యాపారాలకు ఇచ్చే లైసెన్సులు చూసేవాళ్లకూ పనికొస్తుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీ అయినా, బ్యాటరీ స్కూటర్ల గోడౌన్ అయినా, కొత్త ప్రమాదం ఊళ్లోకి వచ్చినప్పుడు నిబంధన రాసే పద్ధతి ఇదే.

మొక్కను పక్కన పెట్టి గదులు రాసుకోండి

కౌన్సిల్ మీటింగుల్లో మాటలన్నీ గంజాయి మంచిదా చెడ్డదా అన్న దగ్గరే తిరుగుతుంటాయి. వాసన, పిల్లలు, దొంగతనాలు. స్కూలుకి వెయ్యి అడుగుల దూరం ఉండాలి లాంటివి జోనింగ్‌లో, అంటే ఏ స్థలంలో ఏ వ్యాపారం ఉండొచ్చో చెప్పే నిబంధనల్లో తేలే విషయాలు. సేఫ్టీ కోడ్ రాసేవాళ్లు ఆ గొడవలోకి దిగకూడదు. తెల్లకాగితం తీసుకుని గదుల పేర్లు రాయండి: మొక్కలు పెంచే గది, ఆరబెట్టే గది, పొడి కొట్టే గది, నూనె తీసే గది, ఆ నూనె కలిపి చాక్లెట్లు బిస్కెట్లు చేసే వంటగది, అమ్మే కౌంటరు. ఒక్కో గది పక్కన, ఇక్కడ ఏది అంటుకుంటుంది, ఊపిరికి ఏది అడ్డం వస్తుంది, లోపలి మనిషి బయటికి ఎలా వస్తాడు అని రాసుకోండి.

ఇలా రాస్తే సగం భారం అక్కడే దిగిపోతుంది. అమ్మే కౌంటరుకు మెడికల్ షాపుకి ఉండే జాగ్రత్తలే సరిపోతాయి. వంటగదికి హోటల్ వంటగది రూల్స్ ఎలాగూ ఉన్నాయి, కొత్తగా ఏమీ రాయక్కర్లేదు. కొన్ని ఊళ్లు కౌంటర్ మీద పది పేజీలు రాసి, నూనె తీసే గదికి ఒక్క పేరాతో సరిపెడతాయి. జనానికి కంటికి కనిపించేది కౌంటరు కాబట్టి అలా జరుగుతుంది. ప్రాణాలు పోయే చోటు మాత్రం వెనక గదిలో ఉంటుంది. మీ శ్రమంతా నూనె తీసే గది మీద, ఆ తర్వాత మొక్కలు పెంచే గది మీద పెట్టండి.

తల్లి కోడ్ ముందు చదవండి

అమెరికాలో ఏ ఊరూ ఫైర్ కోడ్ మొదటి పేజీ నుంచి సొంతంగా రాసుకోదు. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ గానీ, ఎన్‌ఎఫ్‌పీఏ (నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్) వాళ్ల ఫైర్ కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 1 గానీ తీసుకుని, కౌన్సిల్ ఆర్డినెన్స్ ద్వారా తనదిగా చేసుకుంటుంది, కావాల్సిన చోట సవరణలు కలుపుతుంది. 2014 జనవరి 1న కొలరాడోలో అమ్మకాలు మొదలైనప్పుడు ఈ కోడ్‌లలో గంజాయి వ్యాపారానికంటూ అధ్యాయమే లేదు. అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఉన్న సెక్షన్లను అక్కడక్కడా అతికించి నెట్టుకొచ్చాయి. 2018 ఎడిషన్లలో లోటు తీరింది. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌లో 39వ అధ్యాయం, ఎన్‌ఎఫ్‌పీఏ 1లో 38వ అధ్యాయం వచ్చాయి. 39వ అధ్యాయం మొక్క ఏదన్నది పట్టించుకోకుండా, మొక్కల నుంచి నూనె లాగే ప్రక్రియ మొత్తానికీ రాసింది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

కాబట్టి మొదటి పని: ఆ రాష్ట్రం, ఆ ఊరు ఏ ఎడిషన్ అమల్లో పెట్టుకున్నాయో అడిగి, ఆ మాట రాతపూర్వకంగా తెప్పించుకోండి. 2018 లేదా ఆ తర్వాతిది అయితే ఆ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు తీసుకోండి, మళ్లీ మీ మాటల్లో తిరగరాయకండి. ఒకే విషయం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే, వ్యాపారి తరఫు లాయరు తేలికగా ఉన్నదే పట్టుకుంటాడు. 2015 ఎడిషన్ దగ్గరే ఆగిన ఊళ్లైతే ఆ ఒక్క అధ్యాయాన్నీ సవరణగా తెచ్చుకోవచ్చు. మీరు సొంతంగా రాయాల్సింది తల్లి కోడ్‌లో లేనిది: ఎవరు పర్మిట్ ఇస్తారు, ఎప్పుడు తనిఖీ చేస్తారు, పాత భవనాలను ఏం చేస్తారు, ఊరికి ప్రత్యేకమైన ఇబ్బందులు ఏమిటి.

నూనె తీసే గది

ఇక్కడ తీరిగ్గా కూర్చోవాలి. గంజాయి మొక్కలోని జిగురును (నూనె అంటున్నది దీన్నే) సాల్వెంట్‌తో, అంటే దాన్ని కరిగించే పదార్థంతో కడిగి తీస్తారు. ఎక్కువ మంది వాడేవి బ్యూటేన్, ప్రొపేన్, ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్. గుంటూరు వైపు వాళ్లకు ఇది కొత్తేం కాదు, మిరపకాయల నుంచి ఓలియోరెసిన్ అనే చిక్కటి సారం తీసే ఫ్యాక్టరీల్లోనూ సాల్వెంట్ పనే కదా.

బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కిందే మరుగుతుంది. అంటే మామూలు గదిలో బయటపడిన చుక్కంతా వెంటనే గ్యాస్ అయిపోతుంది. గాలి కంటే రెట్టింపు బరువు కాబట్టి పైకి పోదు, నేల మీద పరుచుకుని, పల్లం ఎటుంటే అటు పోతుంది. గాలిలో సుమారు 1.8 శాతానికి చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఫ్రిజ్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే స్పార్క్ సరిపోతుంది. బరువైన ఆవిరి ఎంత దూరం పోతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చి, నిద్రలో ఉన్నవాళ్లను, పరిగెత్తబోయినవాళ్లను పడేసింది. 12 మంది పోయారు. స్టైరిన్ వేరు, బ్యూటేన్ వేరు. కానీ ఆ ఉదయం టీవీ ముందు కూర్చున్న ఎవరికైనా, ఆవిరి గోడ దగ్గర ఆగదన్న సంగతి మనసులో ఉండిపోతుంది.

ఈ గదికి రాయాల్సినవి వరసగా చెబుతాను.

సాల్వెంట్‌ను గొట్టంలోంచి పోసి, ఆవిరిని గాల్లోకి వదిలేసే ఓపెన్ పద్ధతిని పూర్తిగా నిషేధించండి. ఇళ్లల్లో పేలుళ్లు ఎక్కువగా ఈ పద్ధతి వల్లే. సాల్వెంట్ మిషన్ లోపలే తిరిగి మళ్లీ ట్యాంకులోకే వచ్చే క్లోజ్డ్ లూప్ మిషన్ మాత్రమే ఉండాలి. ఆ మిషన్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష అయినదై ఉండాలి. మొక్కల నూనె మిషన్లకు యూఎల్ 1389 అనే స్టాండర్డ్ ఉంది. అలా లిస్టింగ్ లేని మిషన్ అయితే లైసెన్సు ఉన్న ఇంజనీరు దాన్ని పరిశీలించి రిపోర్టు ఇవ్వాలి. ఇంతటితో ఆగకండి. మిషన్ బిగించాక అదే ఇంజనీరు అక్కడికి వెళ్లి, రిపోర్టులో రాసిన మిషనూ గదిలో ఉన్న మిషనూ ఒకటేనని సీరియల్ నంబరుతో సహా ధ్రువీకరించాలని రాయండి. రిపోర్టు ఒక మోడల్‌కి, గదిలో ఉన్నది ఇంకో మోడల్ అయిన ఫైళ్లు నేను చూశాను.

గది ఎక్కడ ఉండాలి అన్నదానికి 39వ అధ్యాయం గట్టిగానే చెప్పింది. జనం నివసించే, చదువుకునే, గుమిగూడే, వైద్యం పొందే భాగం ఉన్న ఏ భవనంలోనూ మండే గ్యాస్‌తో ఈ పని చేయకూడదు. బ్యూటేన్, ప్రొపేన్ వాడే గదిలో వేరే పనేదీ జరగకూడదు. ఈ రెండు మాటలనూ సడలించమని వ్యాపారులు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోవద్దు.

గ్యాస్ డిటెక్టర్ ఎంత దగ్గర మోగాలన్నది కోడ్ చెబుతుంది: అంటుకునే కనీస స్థాయిలో 25 శాతం దాటకముందే. బ్యూటేన్‌కి లెక్క వేస్తే గాలిలో 0.45 శాతం. డిటెక్టర్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మీ నిబంధనలో విడిగా రాయండి. మొన్నొక రాత్రి షిఫ్టులో మా జూనియర్ ఒక డ్రాయింగ్ తెచ్చింది. "మేడం, డిటెక్టర్ చూపించారు, ఓకే చేసేయనా?" అంది.

"ప్లాన్ సరే, ఎలివేషన్ షీట్ తియ్యమ్మా" అన్నాను. ఎత్తులు కనబడేది అందులోనే.

తీసింది. బ్యూటేన్ గది. స్మోక్ డిటెక్టర్ పక్కనే, సీలింగ్‌కి, చక్కగా వరసలో గ్యాస్ డిటెక్టర్ గీశారు. గది నేల మీద ఉన్న గ్యాస్ అంత ఎత్తుకి చేరేలోపు మిగిలేదేమీ ఉండదు. పైగా గదికి ఒక మూల నేల డ్రెయిన్ చూపించారు, అది పక్క గది డ్రెయిన్‌తో కలిసి ఉంది. ఆ అమ్మాయి రెండు నిమిషాలు షీట్ వంక చూసి, "గ్యాస్ ఆ డ్రెయిన్‌లోంచి పోయి అటువైపు లేస్తుంది కదా మేడం" అంది. ఆ ప్రశ్న వేసుకోవడం వస్తే రివ్యూ వచ్చినట్టే. నిబంధనలో ఇలా రాయండి: "గాలి కంటే బరువైన గ్యాస్ వాడే గదిలో డిటెక్టర్లు నేల నుంచి 12 అంగుళాల లోపు, గ్యాస్ చేరే అవకాశం ఉన్న పల్లపు చోట ఉండాలి. ఆ గదిలోని డ్రెయిన్లు వేరే గదులకు కలవకూడదు." 12 అంగుళాలన్నది నా అలవాటు. ఊరి ఫైర్ మార్షల్ వేరే సంఖ్య చెబితే అదే వేయండి. సంఖ్య అంటూ ఒకటి ఉండాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కీ కరెంటుకీ ముడి పెట్టాలి. ఫ్యాన్ తిరగకపోతే ఆ గదిలో ప్లగ్గులు, స్విచ్‌లు పనిచేయకూడదు. డిటెక్టర్ మోగినా అంతే, ఫ్యాన్ తప్ప మిగతా కరెంటు ఆగిపోవాలి. ఫ్యాన్‌కీ, డిటెక్టర్‌కీ, ఎమర్జెన్సీ లైట్లకీ కరెంటు పోయినా నడిచే ఏర్పాటు ఉండాలి. తనిఖీ రోజున ఇన్‌స్పెక్టర్ ఫ్యాన్ ఆపించి, లైటు స్విచ్ వేసి చూడాలి. లైటు వెలిగిందా, పర్మిట్ లేదు. ఈ చిన్న పరీక్షను నిబంధనలోనే పెట్టండి.

నిల్వ గురించి. ద్రవరూపంలో ఉన్న మండే గ్యాస్‌ను మామూలు భవనంలో ఒక కంట్రోల్ ఏరియాలో (ఇలాంటి నిల్వకు విడిగా లెక్కించే భాగంలో) 150 పౌండ్ల వరకు, అంటే దాదాపు 68 కిలోల వరకు ఉంచుకోవచ్చు. స్ప్రింక్లర్లు ఉంటే పరిమితి పెరుగుతుంది. అది దాటితే భవనం హై హజార్డ్ కోవలోకి పోతుంది, ఖర్చు ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందుకే కాగితం మీద 149 పౌండ్లు, గోడౌన్‌లో ఇంకెంతో. సిలిండర్ల రిజిస్టర్ రోజూ రాయాలని, కొన్న బిల్లులు చూపించాలని అడగండి.

ఇక్కడే చాలా ఊళ్లు వదిలేసే సంగతి ఒకటుంది. 2020 మే 16న లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో బాయిడ్ స్ట్రీట్‌లో ఒక భవనం మంటల్లో పేలి, లోపలికి వెళ్లిన పది మందికి పైగా ఫైర్ సిబ్బంది కాలిన గాయాలతో బయటపడ్డారు. అది గంజాయి లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ కాదు, ఈ పని చేసేవాళ్లకు బ్యూటేన్ డబ్బాలూ సామాన్లూ హోల్‌సేల్‌గా అమ్మే చోటు. మీరు నిబంధనను "లైసెన్సు పొందిన గంజాయి వ్యాపారం" అన్న మాటతో మొదలుపెడితే ఇలాంటి గోడౌన్ దాని కిందకి రాదు. అందుకే పర్మిట్‌ను లైసెన్సుకు ముడిపెట్టకుండా గ్యాస్ పరిమాణానికి ముడిపెట్టండి. ఎవరు ఏ పేరుతో నిల్వ చేసినా ఒకటే లెక్క ఉండాలి.

ఇథనాల్ గురించి జనానికి భయం తక్కువ, సారాయే కదా అనుకుంటారు. దాని ఆవిరి మామూలు గది వేడికే అంటుకునే స్థాయికి వస్తుంది. పీపాలు వంచేటప్పుడు స్టాటిక్ రాకుండా ఎర్తింగ్ తీగ ఉండాలని రాయండి. కార్బన్ డయాక్సైడ్‌తో తీసే మిషన్లో నిప్పు ప్రమాదం లేదు గానీ ప్రెషర్ చాలా ఎక్కువ. రిలీఫ్ వాల్వ్ గొట్టం గదిలోకి కాకుండా ఆరుబయటకి వెళ్లాలి.

మొక్కలు పెంచే గది

ఇక్కడ కంటికి కనిపించని ప్రమాదం కార్బన్ డయాక్సైడే. బయట గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) చుట్టుపక్కల ఉంటుంది. మొక్కలు ఏపుగా పెరగాలని పెంపకందారులు గదిలో 1,000 నుంచి 1,500 దాకా పెంచుతారు. పని చేసే చోట ఎనిమిది గంటలకు పరిమితి 5,000. 40,000 దగ్గర ప్రాణానికే ముప్పు. రంగు లేదు, వాసన లేదు, గాలి కంటే బరువు. వాల్వ్ ఇరుక్కుని రాత్రంతా గ్యాస్ వస్తూ ఉంటే, ఉదయం నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లిన మనిషి పడిపోతాడు, చూడటానికి వెళ్లిన రెండో మనిషీ పడిపోతాడు. మన పల్లెల్లో పూడిక తీయడానికి పాత బావిలో దిగినవాళ్ల వార్తలు చదివిన ఎవరికైనా ఆ రెండో మనిషి ఎవరో తెలుసు. అన్నో తమ్ముడో అయి ఉంటాడు.

అందుకే నేను డిటెక్టర్ కంటే ముందు, దాని డిస్‌ప్లే ఎక్కడ ఉందని అడుగుతాను. లోపల ఎంత గ్యాస్ ఉందో తలుపు తీయకముందే బయట కనబడాలి. 5,000 దగ్గర సరఫరా వాల్వ్ మూసుకుని ఫ్యాన్ తిరగాలి, 30,000 దగ్గర లోపలా బయటా అలారం మోగాలి, దీపం వెలగాలి. తలుపు మీద హెచ్చరిక పనివాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. అక్కడ చాలా చోట్ల స్పానిష్ కూడా ఉంటేనే అర్థం. మన దగ్గర ఫ్యాక్టరీలో ఒడిశా, బిహార్ కూలీలు ఉంటే బోర్డు తెలుగులో మాత్రమే పెట్టి ఏం లాభం?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గోడల బదులు వేలాడదీసే ప్లాస్టిక్ షీట్లు ఒప్పుకోకండి, మంట నిమిషాల్లో గది దాటిపోతుంది. వెయ్యి వాట్ల దీపాలు వరసగా ఉంటాయి కాబట్టి భవనానికి వచ్చే కరెంటు లోడు లెక్క ఎలక్ట్రికల్ ఇంజనీరు సంతకంతో కావాలి. ఎక్స్‌టెన్షన్ వైర్ల మీద దీపాలు నడపకూడదు. తొట్లను అంతస్తులుగా పేర్చితే పై స్ప్రింక్లర్ నీళ్లు కింది అంతస్తుకు చేరవు, డ్రాయింగులో రాక్ ఎత్తు చూపించమనండి. చక్రాల బల్లలు ఎటు జరిపినా మనిషి నడిచే దారి మూసుకుపోకూడదు.

తలుపులు

భద్రతకీ సెక్యూరిటీకీ గొడవ వచ్చేది ఇక్కడే. చాలా బ్యాంకులు ఈ వ్యాపారానికి దూరంగా ఉంటాయి కాబట్టి నగదు ఎక్కువ. రాష్ట్ర లైసెన్సు వాళ్లు తాళాలు, కెమెరాలు, కార్డు రీడర్లు అడుగుతారు. యజమాని కిటికీలకు ఇనుప ఊచలు బిగిస్తాడు. చివరికి గది ఎంత గట్టిగా తయారవుతుందంటే దొంగ లోపలికి రాలేడు, పనివాడు బయటికి పోలేడు.

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మా ఊళ్లోనే, కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్లో మంటలు వచ్చి పది మంది చనిపోయారు. కిటికీల దగ్గర నిలబడి సాయం కోసం అరుస్తున్నవాళ్లను ఊరంతా చూసింది. ఆ తర్వాత ఏ డ్రాయింగ్ తెరిచినా ముందు మెట్లు, తలుపులు వెతకడం నాకు అలవాటైంది. ఈ ఒక్క విషయంలో ఏ వ్యాపారికీ, ఏ కౌన్సిలర్‌కీ మొహమాటపడను.

చాలా ముసాయిదాల్లో కనబడే వాక్యం: "తలుపులు సురక్షితంగా, తగిన విధంగా ఉండాలి." దీంతో ఇన్‌స్పెక్టర్ ఏం చేయగలడు? ఇలా రాయండి: "లోపల మనిషి ఉన్నంత సేపు, బయటికి దారితీసే ప్రతి తలుపు తాళంచెవి, కార్డు, కోడ్ ఏదీ లేకుండా, లోపలి వైపు నుంచి ఒక్క కదలికతో తెరుచుకోవాలి. ఫైర్ అలారం మోగినా, కరెంటు పోయినా మాగ్నెటిక్ లాక్ దానంతట అదే వదిలేయాలి." బయటి నుంచి వచ్చేవాళ్లకు ఎన్ని తాళాలైనా వేసుకోనివ్వండి. ఫైర్ సిబ్బంది కోసం గోడకు తాళంచెవుల పెట్టె, అందులో అప్పటికప్పటి తాళాలు, గ్యాస్ గదులు ఎక్కడున్నాయో చూపే ఒక పేజీ మ్యాప్ ఉండాలి.

దుమ్ము

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పిన రోజుల్లో ఆయన చొక్కా ఉతకడానికి నానబెడితే అమ్మకి దగ్గు వచ్చేది. యార్డు బయట ముచ్చికలు తీసే ఆడవాళ్లు ముక్కుకి కొంగు కట్టుకుని పొద్దంతా కూర్చునేవారు. ఘాటు అలవాటైపోతుందిలే అనేవారు అందరూ. ఊపిరితిత్తులు అలవాటు పడవని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2022 జనవరిలో మసాచుసెట్స్ రాష్ట్రం హోలియోక్‌లో లైసెన్సు ఉన్న గంజాయి ఫ్యాక్టరీలో పొడి కొట్టి సిగరెట్లు నింపే పని చేసే 27 ఏళ్ల అమ్మాయి ఆస్తమా తీవ్రమై చనిపోయింది. గంజాయి పరిశ్రమలో ఇలాంటి మరణం నమోదు కావడం అమెరికాలో అదే మొదటిది. ఫైర్ కోడ్ దుమ్మును అంటుకునే వస్తువుగా చూస్తుంది, ఊపిరికి తగిలే వస్తువుగా చూడదు. అందువల్ల ఊరు రాసే నిబంధనలో పొడి కొట్టే మిషన్ దగ్గరే దుమ్ము లాగే ఏర్పాటు ఉండాలని, చీపురుతో గానీ గాలి పైపుతో గానీ దుమ్ము లేపకూడదని, దగ్గు ఆయాసం చెప్పిన పనివాళ్ల వివరాలు రాసిపెట్టాలని చేర్చండి. పనివాళ్ల ఆరోగ్యం మా పరిధి కాదు, ఫెడరల్ వాళ్లు చూసుకుంటారని ఊరి లాయరు అనవచ్చు. కనీసం మిషన్ దగ్గర ఎగ్జాస్ట్ అన్నది బిల్డింగ్ పర్మిట్‌లో భాగమే, దాన్ని వదలకండి.

రాశాక చేయాల్సినవి

ముసాయిదా పూర్తయ్యాక ఒక్కో వాక్యానికి ఎదురుగా ఎవరు చూస్తారు, దేంతో చూస్తారు, ఎప్పుడు చూస్తారు అని రాయండి. జవాబు లేని వాక్యాన్ని మార్చండి, లేదా తీసేయండి. ఊరికి ఉన్నది ఒకే ఒక్క ఇన్‌స్పెక్టర్, అతనికి గ్యాస్ మీటరే లేదు అనుకోండి, మీరు రాసిన పీపీఎం లెక్కలన్నీ వృథా. పర్మిట్ ఫీజులోంచి మీటర్ కొనడానికి, దాన్ని ఎప్పటికప్పుడు క్యాలిబ్రేట్ చేయించడానికి డబ్బు పక్కన పెట్టమని కౌన్సిల్‌కి రాసే నోట్‌లోనే అడగండి. స్వచ్ఛంద ఫైర్ సిబ్బందితో నడిచే ఊళ్లలో, వ్యాపారం మొదలయ్యే ముందు వాళ్లను ఒకసారి భవనమంతా తిప్పి చూపించాలని షరతు పెట్టండి.

ముసాయిదా కౌన్సిల్ ముందుకు పోయే ముందు ఫైర్, బిల్డింగ్, ఎలక్ట్రికల్, పోలీసు అధికారులను ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టమనండి. పోలీసులు అడిగిన తాళం, ఫైర్ వాళ్లు అడిగిన తలుపు ఒకదానికొకటి అడ్డం రావడం అక్కడే తేలిపోతుంది. ఒకరిద్దరు వ్యాపారులనూ పిలవాలి. వాళ్ల దగ్గర పనిచేసే మిషన్ ఆపరేటర్ వస్తే ఇంకా మేలు, ఫిల్టర్ మార్చేటప్పుడు గ్యాస్ ఎక్కడ లీకవుతుందో యజమాని కంటే అతనికే బాగా తెలుసు.

ఇప్పటికే నడుస్తున్న వ్యాపారాలకు గడువు ఇవ్వక తప్పదు. కానీ అన్నిటికీ ఒకే గడువు ఇవ్వకండి. తలుపులు, డిటెక్టర్లు, ఓపెన్ పద్ధతి నిషేధం వెంటనే అమల్లోకి రావాలి. స్ప్రింక్లర్లు, గోడలు, కరెంటు లోడు మార్పులకు నెలలు ఇవ్వొచ్చు. మిషన్ మార్చినా, సాల్వెంట్ మార్చినా, గది గోడ జరిపినా కొత్తగా పర్మిట్ తీసుకోవాలి. ప్రమాదం కళ్లెదుట ఉంటే ఆ గదిలో పని అక్కడికక్కడే ఆపించే అధికారం ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఉండాలి, అప్పీలు ఎవరికి చేసుకోవాలో కూడా అదే పేజీలో ఉండాలి.

ఇంకొక్క కాగితం తయారు చేసి ఫైలులో పెట్టించండి. అందులో ప్రతి నిబంధనకీ అది ఎందుకు పెట్టామో రెండు వాక్యాలు ఉండాలి. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది: 2018, 2021, 2024. అప్పటికి ఊళ్లో ఫైర్ మార్షల్ మారిపోయి ఉంటాడు, మన ఆఫీసులో మనమూ ఉండకపోవచ్చు. డిటెక్టర్ 12 అంగుళాల ఎత్తులో ఎందుకు ఉండాలో ఆ కాగితంలో లేకపోతే, కొత్తగా వచ్చినవాళ్లు పాత డ్రాయింగ్ చూసి దాన్ని మళ్లీ సీలింగ్‌కి ఎక్కిస్తారు.